__ఫైల్__ మాక్రోకి ఫైల్ ఎక్కడుందో తెలియదు

ఒకే సోర్స్ కోడ్, ఒకే కంపైలర్, అవే ఆప్షన్లు. రెండు మెషీన్లలో బిల్డ్ చేశాను. వచ్చిన రెండు బైనరీల హ్యాష్‌లు (ఫైల్ లోపలి బైట్ల నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటి అంకె) కలవలేదు. డీబగ్ సమాచారం తీసేసినవే రెండూ. అయినా ఒకటి ఇంకోదానికంటే కొన్ని బైట్లు పెద్దగా ఉంది. టైమ్‌స్టాంప్ ఏమైనా దూరిందేమోనని వెతికాను, లేదు. లైబ్రరీల వెర్షన్లు పోల్చి చూశాను, అన్నీ ఒకటే. రెండో రోజు సాయంత్రానికి ఇక ఏమీ తోచక ‘స్ట్రింగ్స్’ కమాండ్‌తో రెండు బైనరీల్లో ఉన్న అక్షరాలన్నీ బయటికి లాగి పక్కపక్కన పెట్టాను. అప్పుడు కనిపించింది. ఒకదాంట్లో “/హోమ్/బిల్డ్/యాప్/సోర్స్/నెట్‌వర్క్.సి” అని ఉంది. రెండోదాంట్లో “/డేటా/టెంప్/కొత్తది/యాప్/సోర్స్/నెట్‌వర్క్.సి” అని ఉంది. ఆ ఫోల్డర్ల పేర్లు నేను కోడ్‌లో ఎక్కడా రాయలేదు. ఎసర్ట్ అనే చిన్న మాక్రో (కంపైల్‌కి ముందు తన చోట వేరే కోడ్‌ని పెట్టే పేరు) వాటిని లోపలికి మోసుకొచ్చింది.

సి రాసేవాళ్లందరికీ ఎసర్ట్ తెలుసు. షరతు తప్పితే ఆ షరతునీ, ఫైల్ పేరునీ, లైన్ నంబరునీ చూపించి ప్రోగ్రాంని ఆపేస్తుంది. 1999 ప్రమాణం నుంచి ఫంక్షన్ పేరు కూడా చూపిస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాంకి సోర్స్ ఫైళ్లతో సంబంధమే ఉండదు కదా, మరి ఫైల్ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? కంపైల్ అయ్యేటప్పుడే ప్రీప్రాసెసర్ (కోడ్‌లోని మాక్రోలని ముందుగా విప్పే దశ) దాన్ని ఒక మామూలు స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా, కోడ్‌లో అతికించేస్తుంది. అలా అతికించే మాక్రోనే __ఫైల్__. కోడ్‌లో దీన్ని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లతో రాస్తాం. 1989 నాటి సి ప్రమాణంలో కంపైలర్ తనంతట తాను సిద్ధంగా ఉంచాల్సిన మాక్రోలు ఐదే ఉన్నాయి. లైన్, డేట్, టైమ్, ఎస్‌టీడీసీలతో పాటు ఇదీ వాటిలో ఒకటి.

ఇంత పాతదీ, ఇంత చిన్నదీ అయిన మాక్రో గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. అది “ఫైల్ ఉన్న చోటు” చెబుతుందని అనుకుంటారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాను. ప్రమాణంలో ఆ మాట లేదు. ప్రస్తుత సోర్స్ ఫైల్ పేరు ఏదని కంపైలర్ భావిస్తోందో ఆ పేరు ఇవ్వాలి, అంతే. పూర్తి దారి ఇవ్వాలా, పొట్టి పేరు ఇవ్వాలా, డ్రైవ్ అక్షరంతో మొదలవ్వాలా అన్నవేవీ ప్రమాణం తేల్చలేదు. ఎక్కువమంది వాడే సి కంపైలర్ జీసీసీ మాన్యువల్ మాత్రం తన పద్ధతి స్పష్టంగా చెప్పుకుంది: ప్రీప్రాసెసర్ ఆ ఫైల్‌ని ఏ దారి పట్టుకుని తెరిచిందో ఆ దారినే __ఫైల్__ ఇస్తుంది. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ కూడా అదే దారిలో నడుస్తుంది.

అంటే, ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుకే పలుకుతుంది. మీ ఫోల్డర్‌లో మెయిన్.సి ఉందనుకోండి. కమాండ్‌లో “మెయిన్.సి” అని ఇస్తే __ఫైల్__ విలువ “మెయిన్.సి”. “./మెయిన్.సి” అని ఇస్తే ముందున్న చుక్క, గీతతో సహా “./మెయిన్.సి”. పక్క ఫోల్డర్‌లో నిలబడి “../యాప్/మెయిన్.సి” అని ఇస్తే అదే వస్తుంది. రూట్ నుంచి మొత్తం దారి రాసిస్తే ఆ మొత్తం దారీ వస్తుంది. డిస్క్ మీద ఫైల్ ఒక్కటే, లోపలి అక్షరాలు ఒక్కటే, స్ట్రింగులు మాత్రం నాలుగు. కంపైలర్ ఆ దారిని సరిచేయదు, కుదించదు, సింబాలిక్ లింక్ (వేరే చోటున్న ఫైల్‌కో ఫోల్డర్‌కో దారి చూపే మారుపేరు) ఉంటే అది అసలు ఎక్కడికి వెళ్తుందో చూడదు. మీరిచ్చిన అక్షరాలే తిరిగి మీ చేతికొస్తాయి.

ఇది ఒకసారి మనసుకెక్కితే మిగతా చిక్కుముళ్లు చాలావరకు వాటంతటవే విడిపోతాయి. ఉదాహరణకి, “మా ప్రాజెక్టుని చేత్తో రాసుకున్న మేక్‌ఫైల్ నుంచి సీమేక్‌కి మార్చాం, లాగ్‌లో ఫైల్ పేర్లన్నీ ఒక్కసారిగా పొడుగైపోయాయి, ఎందుకు?” అనే ప్రశ్న. (మేక్‌ఫైల్ అంటే బిల్డ్ ఎలా చేయాలో చెప్పే ఫైల్, సీమేక్ అలాంటివాటిని తనే తయారుచేసే టూల్.) కోడ్ మారలేదు, కంపైలర్ మారలేదు. కంపైలర్‌ని పిలిచే మనిషి మారాడు. చేత్తో రాసిన మేక్‌ఫైల్ సాధారణంగా “సోర్స్/నెట్‌వర్క్.సి” లాంటి సాపేక్ష దారి ఇస్తుంది. బిల్డ్ ఫోల్డర్‌ని సోర్స్‌కి బయట పెట్టుకుంటే సీమేక్ సాధారణంగా పూర్తి దారి ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ విజువల్ సి++ కంపైలర్‌లో అయితే పూర్తి దారి కావాలని అడగడానికి /ఎఫ్‌సి అనే స్విచ్ ఉంది. డీబగ్ కోసం /జెడ్‌ఐ స్విచ్ వేస్తే /ఎఫ్‌సి కూడా దానితో పాటే వచ్చేస్తుంది.

హెడర్ల (వేరే ఫైళ్లు తమలోకి కలుపుకునే కోడ్ ఫైళ్లు) దగ్గరికి వచ్చేసరికి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. హెడర్ పేరుని కంపైలర్‌కి నేరుగా మనం ఇవ్వం, #ఇంక్లూడ్ లైన్ ఇస్తుంది. అక్కడ రాసిన పేరుకి, వెతికిన ఫోల్డర్ పేరుని ముందు తగిలించి కంపైలర్ ఒక దారి తయారు చేసుకుంటుంది. “సోర్స్/మెయిన్.సి” లోపల “../ఇంక్లూడ్/లాగ్.హెచ్” అని కోట్లలో రాస్తే, ఆ హెడర్‌లో __ఫైల్__ విలువ “సోర్స్/../ఇంక్లూడ్/లాగ్.హెచ్” అవుతుంది. సోర్స్‌లోకి వెళ్లి, మళ్లీ బయటికొచ్చి, ఇంక్లూడ్‌లోకి వెళ్లడం అన్నమాట. అదే హెడర్‌ని వేరే ఫైల్, హెడర్లు వెతకాల్సిన ఫోల్డర్‌ని చెప్పే -ఐ ఆప్షన్ ద్వారా అందుకుంటే అక్కడ “ఇంక్లూడ్/లాగ్.హెచ్” అని వస్తుంది. ఒకే హెడర్‌కి ఒకే ప్రోగ్రాంలో రెండు పేర్లు! ఫైల్ పేరుని బట్టి లాగ్‌లను వడగట్టే టూల్ రాసినవాళ్లకి ఇక్కడే తలనొప్పి మొదలవుతుంది. పేర్లు కలవకపోతే ఆ టూల్ అవి రెండు వేరే ఫైళ్లని నమ్మేస్తుంది.

హెడర్‌లో ఇంకో మెలిక కూడా ఉంది, కొత్తగా నేర్చుకునేవాళ్లు దాదాపు అందరూ దీని దగ్గర ఆగుతారు. హెడర్‌లో ఒక లాగ్ మాక్రో రాసి, దాని లోపల __ఫైల్__ వాడారనుకోండి. ఆ మాక్రోని మెయిన్.సి లో పిలిస్తే “మెయిన్.సి” అనే వస్తుంది, హెడర్ పేరు రాదు. ఎందుకంటే మాక్రో అనేది పిలిచిన చోట విప్పుకునే అక్షరాల మూట. __ఫైల్__ కూడా అక్కడికెళ్లాకే విప్పుకుంటుంది. అదే పనిని మాక్రోగా కాకుండా ఇన్‌లైన్ ఫంక్షన్‌గా రాస్తే మాత్రం ఎవరు పిలిచినా హెడర్ పేరే వస్తుంది, ఫంక్షన్ శరీరం హెడర్‌లోనే ఉంది కాబట్టి. లాగింగ్ లైబ్రరీలు మాక్రోలని వదలలేకపోవడానికి ఇంతకాలం అసలు కారణం ఇదే. సి++20 లో వచ్చిన సోర్స్ లొకేషన్ అనే చిన్న క్లాస్ ఈ ముడిని విప్పింది. దాన్ని ఫంక్షన్ పారామీటర్‌కి డిఫాల్ట్ విలువగా పెడితే పిలిచిన చోటి ఫైల్, లైన్ నంబరు పట్టుకొస్తుంది. మాక్రో అవసరం లేకుండా పోయింది. కానీ ఫైల్ పేరు ఎలా ఉండాలన్న ప్రశ్న దానితో తీరలేదు. అదీ కంపైలర్ తెరిచిన దారినే చెబుతుంది.

పనిలో పనిగా ఒక ఉపయోగపడే సంగతి. __ఫైల్__ విప్పుకున్నాక నిజమైన స్ట్రింగ్ లిటరల్ అవుతుంది కాబట్టి దాని పక్కనే ఇంకో స్ట్రింగ్ పెడితే కంపైలర్ రెండింటినీ అతికిస్తుంది. ఫైల్ పేరు, కోలన్, లైన్ నంబరు కలిపి కంపైల్ సమయంలోనే ఒకే స్ట్రింగ్ చేసుకోవచ్చు. అయితే __లైన్__ ఇచ్చేది అంకె. దాన్ని స్ట్రింగ్‌గా మార్చే మాక్రో ఒక్కటే రాసుకుంటే “__లైన్__” అన్న అక్షరాలే మిగులుతాయి, అంకె రాదు. మాక్రో మీద మాక్రో, రెండు మెట్లు కావాలి: మొదటిది విప్పుతుంది, రెండోది స్ట్రింగ్ చేస్తుంది. ఇదే అతుకుని, ఫంక్షన్ పేరు ఇచ్చే __ఫంక్__ తో ప్రయత్నిస్తే కంపైలర్ ఒప్పుకోదు. చూడటానికి ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉంటారు గానీ __ఫంక్__ మాక్రో కాదు, ఫంక్షన్ లోపల ఉన్నట్టు భావించే ఒక క్యారెక్టర్ అర్రే.

ఇప్పుడు ప్రమాణంలోని “భావిస్తోందో” అన్న మాట దగ్గరికి మళ్లీ వద్దాం. ఆ మాట ఊరికే పెట్టలేదు. సి లో #లైన్ అనే డైరెక్టివ్ ఉంది. దానికి ఒక అంకె, ఒక ఫైల్ పేరు ఇస్తే, “ఇక్కణ్ణుంచి ఇది ఫలానా ఫైల్‌లో ఫలానా లైన్ అనుకో” అని కంపైలర్‌కి చెప్పినట్టే. కంపైలర్ మారు మాట్లాడకుండా అలాగే అనుకుంటుంది. __ఫైల్__, __లైన్__ రెండూ మారిపోతాయి. ఎర్రర్ మెసేజ్‌లు కూడా ఆ కొత్త పేరుతోనే వస్తాయి. ఇది మోసం చేయడానికి పెట్టింది కాదు, చాలా అవసరమైన సౌకర్యం. బైసన్ లాంటి టూల్ మీ గ్రామర్ ఫైల్‌ని చదివి వేల లైన్ల సి కోడ్ పుట్టిస్తుంది. అందులో తప్పు దొర్లితే, పుట్టించిన ఫైల్‌లో 1,800వ లైన్ అని చెబితే ఎవరికి ఉపయోగం? అందుకే ఆ టూల్ మధ్యమధ్యలో #లైన్ పెడుతుంది. ఎర్రర్ నేరుగా మీరు రాసిన గ్రామర్ ఫైల్‌లోని లైన్‌ని చూపిస్తుంది.

ప్రీప్రాసెసర్ కూడా తనకి తాను ఇదే పద్ధతి వాడుకుంటుంది. జీసీసీకి -ఈ ఆప్షన్ ఇచ్చి మీ ఫైల్‌ని ఒకసారి ప్రీప్రాసెస్ చేసి చూడండి. కోడ్ మధ్యలో # గుర్తు, ఒక అంకె, కోట్లలో ఫైల్ పేరు, చివర్లో ఇంకో ఒకటి రెండు అంకెలు ఉన్న లైన్లు కనిపిస్తాయి. వీటిని లైన్ మార్కర్లంటారు. చివర 1 ఉంటే ఇక్కడ కొత్త ఫైల్ మొదలైందని, 2 ఉంటే ఒక హెడర్ అయిపోయి పాత ఫైల్‌కి తిరిగొచ్చామని, 3 ఉంటే ఇది సిస్టమ్ హెడర్, ఇందులో కొన్ని వార్నింగులు ఇవ్వనక్కర్లేదని అర్థం. పదుల కొద్దీ హెడర్లు కలిసి ఒకే పెద్ద ముద్దగా మారాక కూడా ఏ లైన్ ఎవరిదో కంపైలర్ మర్చిపోకపోవడానికి ఈ మార్కర్లే కారణం. నాకు ప్రీప్రాసెసర్ అంటే భయం పోయింది ఆ అవుట్‌పుట్‌ని పై నుంచి కింది దాకా ఒకసారి చదివాకే. మీరూ చదవమని గట్టిగా చెబుతాను.

సరే, దారి బైనరీలోకి చేరితే నష్టమేమిటి? మొదటిది కనిపించేదే. బిల్డ్ చేసినవాళ్ల యూజర్ పేరు, ఫోల్డర్ల అమరిక, ఒక్కోసారి బయటికి చెప్పకూడని ప్రాజెక్టు పేరు, అన్నీ ప్రోగ్రాం డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతివాళ్లకీ కనిపిస్తాయి. రెండోది సైజు. పెద్ద కంప్యూటర్లో దీన్ని ఎవరూ లెక్కచేయరు గానీ చిన్న చిప్‌ల మీద పనిచేసేవాళ్లు చేస్తారు. ఒక్కో దారి 80 అక్షరాలు, అలాంటివి 200 ఫైళ్లు అనుకుంటే 16,000 బైట్లు. 64 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీ ఉన్న చిప్‌లో అది దాదాపు నాలుగో వంతు.

నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది మూడోది, నన్ను రెండు రోజులు తిప్పింది కూడా అదే. ఒక సోర్స్ నుంచి ఎవరు, ఎక్కడ బిల్డ్ చేసినా బైట్ బైట్‌గా ఒకే బైనరీ రావాలి. అప్పుడే “మీరిచ్చిన బైనరీ నిజంగా ఈ సోర్స్ నుంచే వచ్చిందా” అని బయటివాళ్లు తామే బిల్డ్ చేసి సరిచూసుకోగలరు. మధ్యలో ఎవరైనా బిల్డ్ మెషీన్‌లో చొరబడి ఏదైనా కలిపితే అది బయటపడేది అలాగే. డెబియన్ అనే లినక్స్ రకం డెవలపర్లు 2013 నుంచి ఈ పని మీద కూర్చున్నారు. అలా కలవకుండా చేసే కారణాల్లో బిల్డ్ ఫోల్డర్ దారి ముఖ్యమైనది. __డేట్__, __టైమ్__ మాక్రోలు ఇంకో కారణం. కంపైల్ ఫలితాలని దాచిపెట్టి మళ్లీ వాడే సీక్యాష్ లాంటి టూల్స్‌కీ ఇదే ఇబ్బంది. కోడ్ ఒకటే అయినా ఫోల్డర్ మారితే ఫలితం మారొచ్చు కాబట్టి పాతది నమ్మకంగా తిరిగి ఇవ్వలేవు.

దారి వద్దనుకున్నవాళ్లు ముందుగా చేసే పని ఒకటుంది. __ఫైల్__ లో చివరి గీత ఎక్కడుందో ఎస్‌టీఆర్‌ఆర్‌సీహెచ్‌ఆర్ ఫంక్షన్‌తో వెతికి, ఆ తర్వాతి భాగాన్నే లాగ్‌లో రాయడం. లాగ్ అందంగా ఉంటుంది. ఆప్టిమైజేషన్ వేస్తే కంపైలర్ ఆ వెతుకులాటని కూడా ముందే లెక్కకట్టేస్తుంది, నడిచేటప్పుడు ఖర్చు ఉండదు. అందుకే పని అయిపోయిందనుకుంటారు. కానీ కంపైలర్ లెక్కకట్టేది పొడుగు స్ట్రింగ్‌లో ఫలానా అక్షరం నుంచి మొదలెట్టు అనే ఒక చిరునామా మాత్రమే. స్ట్రింగ్ మొత్తం బైనరీలో అలాగే కూర్చుని ఉంటుంది. చూపించడం మానేశాం, తీసేయలేదు. పైగా విండోస్‌లో గీత ఎడమవైపు వాలొచ్చు, కుడివైపు వాలొచ్చు, ఒకే దారిలో రెండూ కలిసి రావచ్చు. రెండింటినీ వెతక్కపోతే అక్కడ ఇది లాగ్‌ని కూడా బాగుచేయదు.

కంపైలర్లు దీనికి ఒక మాక్రోనే ఇచ్చాయి: __ఫైల్_నేమ్__. దారిలోని చివరి ముక్కని మాత్రమే ఇస్తుంది. క్లాంగ్‌లో 2019లో 9వ వెర్షన్‌తో, జీసీసీలో 2022లో 12వ వెర్షన్‌తో వచ్చింది. మీ సొంత లాగ్ మాక్రోలకి ఇది బాగానే పనికొస్తుంది. రెండు ఫోల్డర్లలో రెండు యుటిల్.సి లు ఉంటే మాత్రం ఏది ఏదో తెలియక మీరే ఇబ్బంది పడతారు. అంతకంటే ముఖ్యంగా, మీరు రాయని కోడ్ మీద దీనికి అధికారం లేదు. ఎసర్ట్ మీ మాట వినదు, అది __ఫైల్__ నే అడుగుతుంది. బయటి లైబ్రరీల హెడర్లదీ అదే తీరు.

కాబట్టి కోడ్ జోలికి పోకుండా, దారి పుట్టే చోటే దాన్ని మార్చాలి. జీసీసీ 2018లో 8వ వెర్షన్‌లో, క్లాంగ్ 2020లో 10వ వెర్షన్‌లో ఇందుకు ఆప్షన్లు తెచ్చాయి. -ఎఫ్‌మాక్రో-ప్రిఫిక్స్-మ్యాప్ అనేది మాక్రోలు ఇచ్చే దారుల మొదటి భాగాన్ని మారుస్తుంది. డీబగ్ సమాచారంలోని దారులకి -ఎఫ్‌డీబగ్-ప్రిఫిక్స్-మ్యాప్ జీసీసీలో 2008 నుంచే ఉంది. రెండు పనులూ ఒకేసారి కావాలంటే -ఎఫ్‌ఫైల్-ప్రిఫిక్స్-మ్యాప్. “పాతది=కొత్తది” అని ఇస్తే, పాతదానితో మొదలయ్యే ప్రతి దారిలో ఆ భాగం తీసి కొత్తది పెడుతుంది. లినక్స్ కెర్నల్ 2018లోనే ఇందులో మాక్రో ఆప్షన్‌ని తన బిల్డ్‌లో చేర్చుకుంది. కెర్నల్ వార్నింగ్‌లో సోర్స్ రూట్ నుంచి మొదలయ్యే చిన్న దారే కనిపించేలా చేసుకున్నారు.

ఈ ఆప్షన్‌ని వాడేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి. దీనికి ఫోల్డర్ అంటే ఏమిటో తెలియదు, అక్షరాలే తెలుసు. “/హోమ్/బిల్డ్/యాప్” ని చుక్కగా మార్చమంటే, పక్కనే ఉన్న “/హోమ్/బిల్డ్/యాప్2/నెట్.సి” కూడా దాని కిందే పడి “.2/నెట్.సి” అనే వింత దారిగా మారుతుంది. పాతదాని చివర గీత కూడా కలిపి ఇస్తే ఈ బాధ ఉండదు. అలాగే కంపైలర్‌కి సాపేక్ష దారి ఇస్తూ, మ్యాప్‌లో పూర్తి దారి రాస్తే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. సింబాలిక్ లింక్ గుండా వచ్చి, మ్యాప్‌లో అసలు ఫోల్డర్ పేరు రాసినా అంతే. పిలిచిన పేరుతోనే పోల్చి చూస్తుంది. ఇక డీబగ్ దారులు మార్చాక జీడీబీ అనే డీబగ్గర్‌కి సోర్స్ దొరక్కపోవచ్చు. దానిలో సబ్‌స్టిట్యూట్-పాత్ అనే సెట్టింగ్‌తో ఆ దారిని వెనక్కి తిప్పుకోవాలి.

తర్వాత వచ్చిన భాషలు దీన్ని ఎలా చూశాయన్నది నాకు చాలా ఆసక్తికరమైన విషయం. గో భాష 2019లో 1.13 వెర్షన్‌లో -ట్రిమ్‌పాత్ ఇచ్చింది. మెషీన్‌లోని దారి తీసేసి ప్యాకేజీ దారి పెడుతుంది. రస్ట్‌లో రీమ్యాప్-పాత్-ప్రిఫిక్స్ ఉంది, పద్ధతి జీసీసీ లాంటిదే. స్విఫ్ట్ మాత్రం ఒక అడుగు ముందుకేసింది. 2020 నాటి 5.3 వెర్షన్‌లో ప్రశ్నని రెండుగా విడగొట్టింది. ఫైల్ నిజంగా ఎక్కడుందో కావాలంటే #ఫైల్‌పాత్ అడగాలి. ఏ మాడ్యూల్‌లో ఏ ఫైలో గుర్తుపడితే చాలంటే #ఫైల్‌ఐడి అడగాలి, మాడ్యూల్ పేరు, గీత, ఫైల్ పేరు ఇస్తుంది. నాకు ఇది అన్నిటికంటే సరైన జవాబు అనిపిస్తుంది. లాగ్ చదివేవాళ్లకి కావాల్సింది గుర్తింపు, డిస్క్ మీద చిరునామా కాదు. సి లో ఆ రెండు పనులూ ఒకే మాక్రో మీద పడ్డాయి.

నా రెండు బైనరీల సంగతికొస్తే, సోర్స్ రూట్‌ని చుక్కకి మార్చే మ్యాప్ చేర్చి, చివర గీత సరిచూసుకుని రెండు మెషీన్లలోనూ మళ్లీ బిల్డ్ చేశాను. ఈసారి సైజులు దాదాపు దగ్గరికొచ్చాయి. హ్యాష్‌లు ఇంకా కలవలేదు. మళ్లీ స్ట్రింగ్స్ కమాండ్, మళ్లీ పక్కపక్కన. ఒక్క పూర్తి దారి మిగిలింది, చివర టేబుల్స్.సి. అది నేను రాసిన ఫైల్ కాదు. బిల్డ్ జరిగేటప్పుడు ఒక స్క్రిప్ట్ పుట్టించేది, ఉండేది బిల్డ్ ఫోల్డర్‌లో. బిల్డ్ ఫోల్డర్ సోర్స్ రూట్‌కి బయట ఉంది కాబట్టి మ్యాప్ దాన్ని ముట్టుకోలేదు. ఆ ఫోల్డర్‌కి రెండో మ్యాప్ చేర్చాను. హ్యాష్‌లు కలిశాయి. ఇప్పుడు ఆ ప్రాజెక్టులో ప్రతి రిలీజ్‌కి ముందు, పేర్ల పొడవులో తేడా ఉన్న రెండు వేర్వేరు ఫోల్డర్లలో బిల్డ్ చేసి పోల్చే స్క్రిప్ట్ ఒకటి నడుస్తుంది.